పదిహేను టీఎంసీలు పన్నెండయ్యే దారి

చెన్నైకి కృష్ణా నీళ్లు అనగానే పేపర్లో కనిపించే అంకె 15. మహారాష్ట్ర 5, కర్ణాటక 5, అప్పటి ఆంధ్రప్రదేశ్ 5. కృష్ణా పరీవాహకంలో లేనేలేని ఒక నగరానికి తలా అయిదు టీఎంసీలు వేసుకుని మంచినీళ్లు ఇద్దామని మూడు రాష్ట్రాలు 1976 ఏప్రిల్ 14న ఒప్పుకున్నాయి. అప్పటినుంచి ఈ విషయం ఎప్పుడు చర్చకొచ్చినా ఎంత ఇచ్చారు, ఎంత బాకీ అన్న దగ్గరే ఆగిపోతుంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో ఆ అంకె ఒప్పుకోవడమే అన్నిటికన్నా తేలిక. ఏ నెలలో ఇవ్వాలి, ఎక్కడ కొలవాలి, దారిలో ఆవిరయ్యేది ఎవరి పద్దులో రాయాలి, ఒకే కాలవలో తాగునీరూ సాగునీరూ కలిసి పారుతుంటే ఎవరివి ఏవో ఎలా తేల్చాలి? తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి.

నదుల అనుసంధానం పేరుతో మన దేశంలో గీసిన పటాలకు లెక్కలేదు. వాటిల్లో కట్టి, నీళ్లు పారించి, ఏళ్ల తరబడి లెక్క రాస్తున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. శ్రీశైలం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయం దాకా 400 కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్లే తెలుగు గంగ అలాంటిది. మంచైనా చెడైనా నేర్చుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే ఉదాహరణ మన దగ్గర లేదు.

ముందు రెండు లెక్కలు చేతిలో పెట్టుకుందాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,830 కోట్ల లీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు; ఒక తూము గుండా రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఈ రెండో అంకె గుర్తుంటే చాలు, పేపర్లో వచ్చే సగం ప్రకటనలను మీరే సరిచూసుకోవచ్చు.

1,500 క్యూసెక్కుల కాలవ

1977 అక్టోబరు 28న కుదిరిన రెండో ఒప్పందం మొదటిదానికన్నా కాస్త నేలమీద నడిచింది. శ్రీశైలం జలాశయం నుంచి జులై 1, అక్టోబరు 31 మధ్య తీసుకోవాలి. లైనింగు చేసిన కాలవలో తీసుకెళ్లాలి. కాలవ సామర్థ్యం 1,500 క్యూసెక్కులు. ఈ 1,500 ఎక్కడిదంటే, జులై నుంచి అక్టోబరు దాకా 123 రోజులు. 15 టీఎంసీలను 123 రోజులకు సమంగా పంచితే 1,411 క్యూసెక్కులు. అటూఇటూ కాస్త వెసులుబాటు కలిపితే 1,500. అంటే అప్పటి ఆలోచనలో అది మంచినీళ్ల కాలవ మాత్రమే.

1983 ఏప్రిల్ 18న ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం అయ్యేసరికి స్వరూపం మారింది. రాయలసీమ, నెల్లూరు, చిత్తూరు జిల్లాల గుండా వెళ్లే కాలవలోంచి ఆ ఊళ్లకు చుక్క ఇవ్వకుండా మద్రాసుకు నీళ్లు తీసుకెళ్లడం రాజకీయంగానూ కుదరదు, న్యాయంగానూ కుదరదు. అందుకని కృష్ణా మిగులు జలాల్లో 29 టీఎంసీలు, పెన్నా మిగులు జలాల్లో 30 టీఎంసీలు కలుపుకుని 5.75 లక్షల ఎకరాల ఆయకట్టుతో తెలుగు గంగ తయారైంది. చెన్నై వాటాలో దారి నష్టాల కింద 3 టీఎంసీలు తీసేసి సరిహద్దు దగ్గర 12 అందించాలన్నారు: జులై నుంచి అక్టోబరు లోపు 8, జనవరి నుంచి ఏప్రిల్ లోపు 4. మొదటి నీళ్లు పూండికి చేరింది 1996లో.

12 టీఎంసీలను ఏడాది మొత్తానికి సమంగా పంచితే చెన్నైకి రోజుకు దాదాపు 93 కోట్ల లీటర్లు. చాలా ఏళ్లలో అందింది దీనికి దూరంగానే ఉంది. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

ఎవరి అయిదు ఎక్కడుంది

నీళ్ల మీద పేరు రాసి ఉండదు. మహారాష్ట్ర తన 5 టీఎంసీలను విడిగా ఒక గొట్టంలో పంపదు. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్క ప్రకారం, మళ్లీ నదిలోకి ఊరే నీళ్లు కలుపుకుని, మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు. చెన్నైకి ఇవ్వడమంటే 585 వాడుకునేవాళ్లు 580 దగ్గర, 734 వాడుకునేవాళ్లు 729 దగ్గర ఆగడం. మహారాష్ట్ర వాటాలో 5 అంటే ఒక శాతం కూడా లేదు. వేలకొద్దీ చెరువులు, ఎత్తిపోతలు, చిన్న కాలవల వాడకాన్ని అంచనా వేసి రాసే లెక్కలో ఒక శాతం తేడాను ఎవరు పట్టుకోగలరు? కొలతలో వచ్చే పొరపాటే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఎగువ రాష్ట్రాలు ఇచ్చాయా లేదా అన్న ప్రశ్నకు కొలిచి జవాబు చెప్పలేం. చివరికి మొత్తం 15 శ్రీశైలం దగ్గరే కనపడాలి. అక్కడ నీళ్లుంటే అందరూ ఇచ్చినట్టు, లేకపోతే ఎవరూ ఇవ్వనట్టు.

రాష్ట్ర విభజన తర్వాత ముడి ఇంకొంచెం బిగిసింది. 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటు ప్రకారం 811లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. ఉమ్మడి రాష్ట్రం మాటిచ్చిన 5 ఇప్పుడు ఇద్దరి మధ్యా పడింది. కాలవ ఒకరి భూభాగంలో ఉంది, జలాశయం ఇద్దరి మధ్య ఉంది. రెండు రాష్ట్రాల వాడకం చూసే కృష్ణా బోర్డు పద్దులో చెన్నై నీళ్లను ప్రత్యేక వరుసగా రాసుకుంటే తప్ప ఈ తగాదా ఏటా మొదటినుంచీ మొదలవుతుంది.

ఇలా తలా కొంత వదులుకోవడం ఒక పద్ధతి. రెండోది మార్పిడి. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో పోలవరం నుంచి కృష్ణాకు మళ్లించే 80 టీఎంసీల సంగతి చూడండి. ఆ నీళ్లు కృష్ణా డెల్టాకు వస్తాయి కాబట్టి, ఆ మేరకు ఎగువన కృష్ణా నీళ్లు మిగులుతాయి. అలా మిగిలేవాటిలో ఆంధ్రప్రదేశ్‌కు 45, కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 అన్నారు. గోదావరి నీటి బొట్టు మహారాష్ట్రకు ఎక్కి వెళ్లదు. పుస్తకంలో పద్దు మారుతుంది, అంతే. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల చేసే పనీ అదే. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు, ప్రకాశం బ్యారేజీకి గోదావరి నీళ్లు. జులైలో డెల్టా నారుమళ్లకు అవి అందితే శ్రీశైలం మీద ఆ ఒత్తిడి తగ్గి, అక్కడి నీళ్లు సీమకు, చెన్నైకి మిగులుతాయి. లెక్క చూస్తే పటిష్ఠంగానే ఉంది. ఆ 45 ఎవరివన్న పేచీ మాత్రం ఇంకా నడుస్తోంది. నాగార్జునసాగర్ ఎగువన అని రాసి ఉంది గనక అందులో మాకూ వాటా ఉందని తెలంగాణ అంటుంది.

పోతిరెడ్డిపాడు దగ్గర

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. కుడి గట్టున ఎగువన పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్, అంటే జలాశయం నుంచి కాలవలోకి నీళ్లు వదిలే గేట్లు, ఉంది. చెన్నై నీళ్లు బయల్దేరేది అక్కణ్నుంచే. అక్కడినుంచి 16 కిలోమీటర్లు వెళ్తే బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్. కాలవ అక్కడ మూడు పాయలవుతుంది. ఒకటి తెలుగు గంగకి, వెలుగోడు జలాశయం వైపు. ఇంకొకటి శ్రీశైలం కుడి బ్రాంచి కాలవ. మధ్యలోది నిప్పులవాగులోకి దిగి, గాలేరు మీదుగా కుందూకి, కుందూ నుంచి పెన్నాకు వెళ్లే ఎస్కేప్, అంటే ఎక్కువైన నీళ్లు వదిలే పాయ. ఆ గేట్ల దగ్గర నిలబడి ఏ పాయకు ఎంత వెళ్తోందో చూస్తే చాలు, ఆ ఏడాది ఎవరికి ఏం దక్కబోతోందో అర్థమవుతుంది.

మొదట పోతిరెడ్డిపాడును దాదాపు 11 వేల క్యూసెక్కులకు కట్టారు. 2005 తర్వాత 44 వేలకు పెంచారు. 1977 కాగితంలో 1,500 ఉన్నచోట ఇప్పుడు 44,000. తెలంగాణ వాదన ఈ రెండు అంకెల మధ్య తేడా మీదే నిలబడింది: చెన్నై పేరు చెప్పి తవ్విన కాలవలో పరీవాహకం బయటకు సాగునీరు తీసుకెళ్తున్నారని. ఆంధ్రప్రదేశ్ జవాబు రోజుల లెక్క మీద నిలబడింది: శ్రీశైలానికి వరద వచ్చే రోజులు ఏటా తగ్గుతున్నాయి, ఆల్మట్టి, జూరాల నిండాకే మాకు వస్తుంది, ఆ ముప్పై నలభై రోజుల్లోనే తీసుకోకపోతే సముద్రం పాలవుతుందని.

రెండు వాదనల్లోనూ నిజం ఉంది. కాకపోతే రెండిటిలోనూ ఒక సంగతి దాగిపోతోంది. 44,000 అన్నది జలాశయం దాదాపు నిండినప్పటి మాట. గేటు గుండా పారే నీళ్లు గేటు అడుగు పైన ఎంత ఎత్తున నీళ్లున్నాయన్న దాని మీద ఆధారపడతాయి. మట్టం కొంచెం పడితే ప్రవాహం అంతకన్నా జోరుగా పడిపోతుంది. 854 అడుగుల దగ్గర ఆరేడు వేల క్యూసెక్కులకు మించి రావని ఆంధ్రప్రదేశ్ స్వయంగా చెబుతూ వచ్చింది. వరద రోజుల్లో 44 వేలు పారితే చెన్నైకి కావలసిన 15 టీఎంసీలు నాలుగు రోజుల పని. మట్టం 854కి దిగాక అవే 15 టీఎంసీలకు, ఇంకెవరికీ చుక్క ఇవ్వకపోయినా, నెలకు కాస్త తక్కువ పడుతుంది. అందుచేత చెన్నై గురించి నిజంగా పట్టించుకునేవాళ్లు గొడవపడాల్సింది గేట్ల వెడల్పు గురించి కాదు. శ్రీశైలంలో ఏ తేదీ దాకా ఏ మట్టం కాపాడాలి, కరెంటు కోసం ఎప్పటినుంచి దిగువకు వదలాలి అన్న రూలు గురించి. ఆ రూలు మీద రెండు రాష్ట్రాలూ సంతకం పెట్టిన రోజున సగం తగాదా తీరుతుంది.

వెలుగోడు సామర్థ్యం దాదాపు 17 టీఎంసీలు. అక్కడినుంచి నీళ్లు కడప జిల్లా మీదుగా పెన్నాకు, పెన్నాలో సోమశిలకు చేరతాయి. సోమశిల 78 టీఎంసీలు. వరద కాలవ గుండా కండలేరుకు వెళ్తాయి, అది 68. ఇక్కడ ఇంకో చిక్కు. పెన్నా ఇసుక మీద పారేటప్పుడు ఎంత ఇంకిందో, పెన్నా సొంత నీళ్లు ఎన్ని కలిశాయో విడదీసే మార్గం లేదు. సోమశిలలో ఉన్నవి కృష్ణా నీళ్లా, పెన్నా నీళ్లా? రెండూ. పెన్నాకు మంచి వరద వచ్చిన ఏడాది కృష్ణా నుంచి తక్కువ తెచ్చినా చెన్నైకి అందించొచ్చు. ఈ వెసులుబాటు చెన్నైకి మేలు చేసేదే. పద్దు రాసేవాడికి మాత్రం తలనొప్పి.

3 టీఎంసీల నష్టం

15లో 3 అంటే 20 శాతం. ఈ నష్టం ప్రతి ఏడాదీ ఇంతే ఉంటుందని ఎవరూ అనుకోకూడదు. ఎండాకాలం గట్టిగా ఉండే మన ప్రాంతంలో తెరిచి ఉన్న నీటి మీదనుంచి ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల మేర ఆవిరవుతుంది. 1.8 మీటర్లు అనుకుందాం. ఒక చదరపు కిలోమీటరు నీటి పరపు నుంచి ఏడాదికి 18 లక్షల ఘనపు మీటర్లు, అంటే 0.064 టీఎంసీ. 50 చదరపు కిలోమీటర్ల పరపు ఏడాది పొడవునా నిలబడితే ఆవిరికే 3 టీఎంసీలు దాటిపోతాయి. నీళ్లు ఆగకుండా పారిపోతే నష్టం తక్కువ, జలాశయంలో వేసవి దాకా దాచిపెడితే ఎక్కువ. చెన్నైకి కావలసింది వేసవిలో. దాచక తప్పదు. ఆ దాచిన నష్టం ఎవరిదన్న ప్రశ్నకు 20 శాతమనే ఒకే అంకె జవాబు చెప్పలేదు. నెలవారీగా జలాశయం పరపును బట్టి లెక్కగట్టి, అందులో ఎవరి నీళ్లు ఎన్ని ఉన్నాయో ఆ నిష్పత్తిలో నష్టం పంచడమే సరైన పద్ధతి. పెద్ద కష్టం కూడా కాదు, ఒక ఎక్సెల్ షీటు చాలు.

కండలేరు నుంచి జీరో పాయింట్ దాకా

కండలేరు తూము నుంచి ఊత్తుకోట దగ్గరున్న సరిహద్దు, అందరూ జీరో పాయింట్ అనే చోటు, 152 కిలోమీటర్లు. అక్కడినుంచి పూండికి ఇంకో 25. వెంకటగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపుగా వెళ్తుంది కాలవ. తిరుపతి తాగే నీళ్లలో కూడా దీని పాలు ఉంది. తొలి ఏళ్లలో గట్లు జారి, కోసుకుపోయి, పూండికి చేరేది నామమాత్రంగా ఉండేది. సత్యసాయిబాబా ట్రస్టు ఖర్చు పెట్టుకుని ఈ కాలవను బాగుచేయించి లైనింగు వేయించింది. 2004లో ఆ పని పూర్తయ్యాక తేడా బాగా కనిపించింది.

ఎండిన కాలవలోకి నీళ్లు వదిలితే ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. 1,000 క్యూసెక్కులంటే సెకనుకు 28.3 ఘనపు మీటర్లు. కాలవలో వేగం సెకనుకు అర మీటరు అనుకుంటే నీటి అడ్డుకోత 57 చదరపు మీటర్లు ఉండాలి. దాన్ని 152 కిలోమీటర్ల పొడవుతో గుణిస్తే 86 లక్షల ఘనపు మీటర్లు, అంటే 0.3 టీఎంసీ. జీరో పాయింట్ దగ్గర పూర్తి ప్రవాహం కనపడేలోపు కాలవ తన పొట్ట నింపుకోవడానికే ఇన్ని నీళ్లు తాగుతుంది. అర మీటరు వేగంతో రోజుకు 43 కిలోమీటర్లు. మొదటి నీళ్లు చేరడానికి మూడున్నర నుంచి నాలుగు రోజులు, నిలకడైన ప్రవాహానికి ఇంకో రెండు మూడు రోజులు.

ఇక తూము మూసినప్పుడు కాలవలో మిగిలిన 0.3 టీఎంసీలో కొంత కిందికి దిగుతుంది, కొంత గుంటల్లో ఆగుతుంది, కొంత మోటార్ల పాలవుతుంది. ఏడాదిలో నాలుగుసార్లు తెరిచి మూస్తే టీఎంసీ పైగా ఈ నింపడాలకే ఖర్చు. అందుకే నెలకు పది రోజులు 1,500 వదిలే కన్నా నెలంతా 500 వదలడం మేలని కొందరంటారు. ఆ మాట సగమే నిజం. 500 దగ్గర కాలవలో మట్టం తక్కువ, వేగం తక్కువ, ఇంకే కాలం ఎక్కువ, గట్టు తూములకు నీళ్లు ఎక్కవని రైతులు అడ్డుకట్టలు వేస్తారు. 700, 800 దగ్గర రెండు మూడు నెలలు ఏకబిగిన నడపడం మంచిది. ఒప్పందంలోని 8 టీఎంసీలను 123 రోజులకు పంచినా 753 క్యూసెక్కులే వస్తుంది.

తెరిచేటప్పుడు మెట్లుమెట్లుగా తెరవాలి. 200తో మొదలుపెట్టి, 500, ఆపైన 1,000. ఒకేసారి వదిలితే ముందు అలతో చెత్త, పిచ్చిచెట్లు కొట్టుకొచ్చి క్రాస్ రెగ్యులేటర్ల దగ్గర, వాగుల కింద నుంచి కాలవను దాటించే సైఫన్ల మూతుల దగ్గర అడ్డం పడతాయి, వెనక నీళ్లు ఎగదన్ని గట్టు పొర్లుతుంది. మూసేటప్పుడు ఇంకా జాగ్రత్త. లైనింగు వెనక ఉన్న మట్టి నీళ్లు పట్టి ఉంటుంది. కాలవలో మట్టం గబగబా దించితే ముందున్న నీటి ఒత్తిడి పోతుంది, వెనకున్న ఒత్తిడి పోదు. కాంక్రీటు పలకలు ఉబ్బి, పగిలి, జారతాయి. నల్లరేగడి కోతల్లో ఇది మరీ ఎక్కువ. రోజుకు అడుగుకు మించి దించకూడదన్నది పని చేసేవాళ్లు పాటించే లెక్క. ఊటరంధ్రాలు పూడిపోయి ఉంటే అది కూడా ఎక్కువే. ఒక పలక జారిన చోట అడుగున మట్టి కోసుకుపోయి, రెండో ఏడాదికి పది పలకలు పోతాయి. ఎక్కడో గండి పడిందన్న వార్త వెనక చాలాసార్లు అంతకు ముందు ఏడాది తొందరపడి మూసిన తూము ఉంటుంది.

మోటార్ల సంగతి కూడా చెప్పుకోవాలి. గట్టు మీద పెట్టిన ఒక మామూలు ఇంజను సెకనుకు పది, పన్నెండు లీటర్లు తోడుతుంది, అంటే 0.4 క్యూసెక్కు. అలాంటివి 200 ఉంటే 80 క్యూసెక్కులు. 750 పారుతున్న కాలవలో పదోవంతు. దీన్ని దొంగతనం అనడం తేలిక, పోలీసు కాపలా పెట్టడం తేలిక. లష్కర్లు, అంటే కాలవ కాపలాదార్లు, లేని కాలవ మీద కాపలా వారం కన్నా ఎక్కువ నిలవదు. కళ్లముందు నుంచి నీళ్లు పోతుంటే చెరువు ఎండిన ఊరివాడు ఊరుకుంటాడని అనుకోవడం తెలివి తక్కువ. కాలవ పక్క ఊళ్ల చెరువులను చెన్నై విడతకు ముందే ఆఫ్‌టేక్ తూముల గుండా నింపి, ఆ నీళ్లను ఆంధ్రప్రదేశ్ సాగు పద్దులో బాహాటంగా రాసుకుంటే మోటార్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. దాచిపెట్టి వాడుకునే నీళ్ల కన్నా రాసి వాడుకునే నీళ్లు ఎప్పుడూ తక్కువే.

గేజి ఎవరిది

ప్రవాహాన్ని రోజూ మీటరు ముంచి కొలవరు. గేజి మీద మట్టం చూసి, అంతకు ముందు వేసిన పట్టికలో ఆ మట్టానికి ఎన్ని క్యూసెక్కులో చదువుతారు. పట్టిక వేసిన రోజున కాలవ శుభ్రంగా ఉంది. ఆర్నెల్లకు అడుగున నాచు, తుంగ పెరిగాయి, ఒండ్రు పేరుకుంది. అప్పుడు అదే ప్రవాహానికి మట్టం పైకి లేస్తుంది. పట్టిక మాత్రం ఆ లేచిన మట్టానికి పాత అంకెనే, అంటే అసలుకన్నా ఎక్కువ చెబుతుంది. ఇచ్చేవాళ్లకు లాభం, పుచ్చుకునేవాళ్లకు నష్టం. ఇందులో మోసం ఏమీ లేకపోవచ్చు, తుంగ పెరిగిందంతే.

1,000 క్యూసెక్కుల దగ్గర 5 శాతం తేడా అంటే 50. 120 రోజులకు 0.52 టీఎంసీ. చెన్నై కోసం తమిళనాడు కట్టుకున్న తేర్వాయ్ కండిగై జలాశయం మొత్తం సామర్థ్యం 0.5 టీఎంసీ. ఒక కొత్త జలాశయమంత నీళ్లు గేజి తప్పులో కొట్టుకుపోతాయన్నమాట. నివారణ ఖరీదైందేమీ కాదు. విడత మొదలైన వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కలిసి నీటి వేగం చూపే కరెంటు మీటరుతో కొలవాలి. కాలవ వెడల్పును పదిహేను, ఇరవై పట్టీలుగా విడగొట్టి ప్రతిదాంట్లో వేగం చూసి, పట్టిక సవరించి, అదే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. కొలతలను తనంతట తానే పంపే టెలిమెట్రీ పెట్టామని ఈ పని మానేస్తే తప్పు అంకె ఇంకా వేగంగా వెళ్తుంది, అంతే.

ఇవ్వగలిగిన నెల, పుచ్చుకోగలిగిన నెల

చెన్నై పాత జలాశయాలు నాలుగు. పూండి 3.23, చోళవరం 1.08, రెడ్ హిల్స్ 3.3, చెంబరంబాక్కం 3.65. కలిపితే 11.26 టీఎంసీలు. నాలుగూ అడుగంటి ఉన్నా 12 పట్టవు. ఆగస్టు, సెప్టెంబరుల్లో శ్రీశైలంలో నీళ్లు పొంగుతుంటాయి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి చెన్నైకి సొంత ఈశాన్య రుతుపవనాలు. కుశస్థలి నది పూండిలోకి వస్తుంది. 2015 వరదల తర్వాత ఎవరూ జలాశయాలను అంచుదాకా నింపి తుపాను కోసం ఎదురుచూడరు. అప్పుడు కృష్ణా నీళ్లు ఆపమని తమిళనాడే అడుగుతుంది. అలా వద్దన్న నెలల నీళ్లు బాకీ కిందికి వస్తాయా? ఇచ్చేవాళ్లు రావంటారు, పుచ్చుకునేవాళ్లు వస్తాయంటారు. దీనికి న్యాయమైన జవాబు ఒకటే: వద్దన్న నీళ్లు కండలేరులో చెన్నై పేరిట నిలవాలి, అక్కడి ఆవిరి నష్టం మాత్రం చెన్నైది.

2019లో ఈ తేదీల తేడా ఎంత ఖరీదో తెలిసొచ్చింది. జూన్‌కల్లా చెన్నై జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, ఒక్కో ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. ఒక టీఎంసీ తేవాలంటే అలాంటివి 11 వేల ట్రిప్పుల పైనే కావాలి. శ్రీశైలం ఆగస్టులో నిండింది. జీరో పాయింట్ దగ్గర కృష్ణా నీళ్లు కనపడింది సెప్టెంబరు చివర. వెలుగోడు, సోమశిల, కండలేరు ఒకదాని తర్వాత ఒకటి లేవాలి కదా. వరద వచ్చాక ప్లాను వేసుకుంటే వచ్చే ఆలస్యం ఇది.

కాబట్టి ఏడాది ప్రణాళిక మొదలవ్వాల్సింది జూన్‌లో కాదు, అంతకు ముందు అక్టోబరులో. అక్టోబరు 15న శ్రీశైలం, సోమశిల, కండలేరు మట్టాలు చూసుకుని జనవరి–ఏప్రిల్ విడతను తేల్చాలి. జీరో పాయింట్ దగ్గర 4 టీఎంసీలు కావాలంటే, 20 శాతం నష్టంతో తూము దగ్గర 5. కాలవ నింపడానికి 0.3. డిసెంబరు దాకా ఆవిరికి ఇంకొంత. అంటే అక్టోబరు ఆఖరుకు కండలేరులో, తూముకు నీళ్లందే కనీస మట్టానికి పైన, 5.5 టీఎంసీలు చెన్నై పేరిట పక్కన ఉండాలి. అన్ని లేకపోతే ఎన్ని ఉన్నాయో ఆ రోజే చెప్పేయాలి. 4 ఇస్తామని చెప్పి మార్చిలో చేతులెత్తేయడం కన్నా 2 ఇస్తామని నవంబరులో చెప్పడం నగరానికి ఎక్కువ పనికొస్తుంది. బోర్లు, సముద్రపు నీటి ప్లాంట్లు, వీరానం చెరువు, దేన్ని ఎంత వాడాలో వాళ్లు చూసుకుంటారు. రబీకి కండలేరు కింద ఎంత ఆయకట్టుకు ఒప్పుకోవాలో కూడా ఆ రోజే తేలిపోతుంది. నాట్లు పడ్డాక తేల్చబోతే రైతుకూ నగరానికీ మధ్య పోటీ పెట్టినట్టవుతుంది. ఆ పోటీలో ఏ మంత్రీ న్యాయం చెప్పలేడు.

జనవరి 1న జీరో పాయింట్ దగ్గర నీళ్లు నిలకడగా పారాలంటే డిసెంబరు 24, 25కల్లా కండలేరు తూము ఎత్తాలి. అంతకు ముందు పదిహేను రోజుల్లో తుంగ కోయించి, జారిన పలకల వెనక మట్టి కూరి, సైఫన్ల మూతుల దగ్గర చెత్త తీయించాలి. ఆ పనికి టెండరు నవంబరు మొదటి వారంలోనే పిలవాలి.